శ్రీకాకుళం నుంచి శబరిమలకి కాలినడక: మొదటి అయిదు రోజులు

శ్రీకాకుళం నుంచి శబరిమలకి రోడ్డు వెంట నడిస్తే 1,500 కిలోమీటర్ల పైనే. మహాపాదయాత్రకి వెళ్ళొచ్చిన స్వాములు చెప్పేదంతా చివర్లో వచ్చే ఎరుమేలి గురించి, అళుదా నది గురించి, కరిమల ఎక్కడం గురించి. బృందం నిలబడేదీ చెదిరేదీ మాత్రం ఇక్కడే, నాగావళికీ సింహాచలానికీ మధ్య. మధ్యలో బస్సెక్కి ఇంటికొచ్చేసే స్వాములు ఎక్కువగా విశాఖ దాటకముందే ఎక్కుతారు. కారణం భక్తి తక్కువై కాదు, మొదటి రోజు ఎక్కువ నడిచి.

ఎక్కువ ఎందుకు నడుస్తారంటే తేదీ తరుముతుంది కాబట్టి. మండల కాలం నవంబరు 16 లేదా 17న మొదలై డిసెంబరు 26, 27 ప్రాంతాల్లో మండలపూజతో ముగుస్తుంది. ఆ తరవాత కొద్దిరోజులు గుడి మూసి, డిసెంబరు 30 నాటికి మకరవిళక్కు కోసం మళ్ళీ తెరుస్తారు. మకరజ్యోతి జనవరి 14న గానీ 15న గానీ. రోజుకి సగటున 35 కిలోమీటర్ల లెక్కన 45 రోజులు పడుతుంది. అంటే నవంబరు మూడోవారంలో కదిలితే గుడి మూసిన రోజుల్లో చేరే ఇబ్బంది ఉండదు. దర్శనానికి వర్చువల్ క్యూ స్లాటు తేదీతో సహా ముందే బుక్ చేసుకోవాలి కనుక చేరే రోజు ఇంటిదగ్గరే ఖాయమైపోతుంది. ఇక అక్కడినుంచి ప్రతి గురుస్వామి నోటా ఒకటే మాట: కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ నడిచి మిగుల్చుకుందాం. అలా మిగిల్చినవన్నీ అయిదోరోజుకి బొబ్బల రూపంలో వడ్డీతో వసూలవుతాయి. మేము చేసేది దీనికి తలకిందులు. మొదటి రెండు రోజులూ 20 కిలోమీటర్లు దాటం, మూడో రోజూ అంతకు మించం. ఆ తరువాత నాలుగైదేసి చొప్పున పెంచుకుంటూ రాజమండ్రి చేరేసరికి 35 అందుకుంటాం. ప్రయాణం మొత్తానికి మూడు రోజులు ఖాళీగా లెక్కలో వేసుకుంటాం. నవంబరులో బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం పట్టకుండా ఉండదు, ఆ ఖాళీ దానికే సరిపోతుంది.

ఇరుముడి ఎప్పుడు కట్టాలి, ఎక్కణ్ణుంచి తలకెత్తుకోవాలి అన్నది ఆయా గురుస్వాముల ఆచారం. అందులోకి వెళ్ళను. కాళ్ళూ రోడ్డూ వంటా, ఈ మూడింటి గురించే రాస్తున్నాను.

మాల వేసుకున్న రోజునుంచే చెప్పులు ఉండవు కాబట్టి పాదాలు గట్టిపడి ఉంటాయని మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వాములు అనుకుంటారు. ఇంట్లో, ఆఫీసులో, గుడిలో చెప్పుల్లేకుండా తిరగడం వేరు, తారు మీద 20 కిలోమీటర్లు వేరు. బయల్దేరడానికి ఆరు వారాల ముందునుంచి తారురోడ్డు మీదే నడవాలి. 3 కిలోమీటర్లతో మొదలుపెట్టి 15 దాకా తేవాలి. ఆఖరి రెండు వారాల్లో కనీసం ఒకసారి వరసగా రెండురోజులు 15 చొప్పున నడిచి చూడాలి. ఒక్కరోజు ఎవరైనా నడుస్తారు, కాలి సంగతి చెప్పేది రెండోరోజే. అరికాలు కింద కట్టిన గట్టి చర్మాన్ని రాయి పెట్టి రుద్ది తీసేయకూడదు, అది మనం సంపాదించుకున్న చెప్పు. మడమలు పగిలిన వాళ్ళు రాత్రిపూట వాజలైన్ రాసి పాతగుడ్డ చుట్టుకుని పడుకుంటే రెండు వారాల్లో పగులు పూడుతుంది. పూడకుండా బయల్దేరితే ఆ పగుళ్ళలోకి ఇసుక చేరి నెత్తురు కారుతుంది. గోళ్ళు ముందురోజు కాకుండా నాలుగైదు రోజుల ముందే, మూలలు లోపలికి కొయ్యకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేని వాళ్ళు వేయించుకునే రావాలి.

సుగరు ఉన్న స్వాముల విషయంలో మొహమాటం పనికిరాదు. చాలామందికి అరికాలి స్పర్శ తగ్గిపోయి ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. తెలిసేసరికి పుండు. డాక్టరు పాదం చూసి సరేనంటేనే తీసుకెళ్తాం. తోలు లేని గుడ్డ బూట్లకి ఒప్పుకునే గురుస్వాములు ఉన్నారు, ముందే అడిగి తేల్చుకోవాలి. రోడ్డెక్కాక కాదు.

బయల్దేరడం అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని. ఇక్కడ ఒక ఏర్పాటు తప్పనిసరి. సాగనంపడం ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. బంధువులు, దండలు, డప్పులు, ఫొటోలు అన్నీ ఉదయం పెట్టుకుంటే మొదటి అడుగు పడేసరికి తొమ్మిదవుతుంది, పదకొండుకి తారు కాలుతుంది, కన్నెస్వామికి మొదటిరోజే బొబ్బలు లేస్తాయి. అందుకని సాయంత్రం పూజ, అల్పాహారం, వీడ్కోలు అన్నీ ముగించి, బృందమంతా ఆ రాత్రి గుడి చుట్టుపక్కలే ఒకచోట పడుకుంటుంది. రెండింటికి లేచి చన్నీటి స్నానం, పీఠం దగ్గర శరణుఘోష, ఒక గ్లాసుడు చోడి (రాగి) అంబలి. మూడుంబావుకి నడక.

ఊళ్ళో ఇంకో సంగతి. దారిపొడుగునా ఆడవాళ్ళు బిందెలతో నిలబడి స్వాముల కాళ్ళ మీద నీళ్ళు పోసి పసుపు రాస్తారు. వద్దనలేం. కానీ తడిసిన చర్మం మెత్తబడి తారుకి తొందరగా ఒరుసుకుంటుంది. ప్రతి స్వామి భుజాన ఒక పాత నూలుతువ్వాలు దీనికోసమే ఉండాలి. నీళ్ళు పోయించుకున్నాక పక్కకి జరిగి, వేళ్ళ సందుల్లోంచి కూడా తుడుచుకుని అడుగేయాలి. స్నానం చేశాక కూడా అంతే. తడి పంచెతో నడిస్తే తొడలు ఒరుసుకుని మధ్యాహ్నానికి మంట పుడుతుంది. లోపల నూలు నిక్కరు, తొడల మధ్య పల్చగా కొబ్బరినూనె ఉండాలి. అరికాళ్ళకి మాత్రం నడక ముందు నూనె వద్దు. మెత్తబడుతుంది, పైగా మట్టి పట్టేస్తుంది.

నాగావళి వంతెన దాటి హైవే ఎక్కి ఎచ్చెర్ల మీదుగా చిలకపాలెం. మొదటిరోజు మజిలీ అక్కడే. అరసవల్లి నుంచి లెక్కేసుకున్నా 20 లోపే. గంటకి నాలుగు కిలోమీటర్ల నడక, ప్రతి 5 కిలోమీటర్లకీ పది నిమిషాలు ఆగడం. ఎనిమిదిన్నరకల్లా మజిలీ చేరిపోతారు. అప్పటికి ఎవరికీ అలుపు రాదు. ఇంకో పది నడుద్దాం స్వామీ అని కన్నెస్వాములు తొందరపెడతారు. నడవనివ్వకూడదు.

వేగానికి శరణుఘోషే కొలత. ముందు స్వామి పిలుపు ఇస్తే వెనక ఉన్నవాళ్ళు 'శరణం అయ్యప్ప' అని గొంతెత్తి పలకగలగాలి. పలుకు తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. వరస ముందు నడిచేది బృందంలో అందరికంటే నిదానంగా నడిచే స్వామి. కుర్రాళ్ళని ముందు పెడితే కిలోమీటరు లోపలే వరస మూడు ముక్కలవుతుంది. అందరికీ ఆఖరున ఒక అనుభవస్థుడు, ఆయన వెనక ఇంకెవరూ ఉండకూడదు.

రోడ్డు మీద జాగ్రత్త మూడింటి నుంచి అయిదున్నర దాకానే ఎక్కువ కావాలి. నల్లబట్టలు, నల్లరోడ్డు, లారీ డ్రైవర్లకి నిద్ర ముంచుకొచ్చే వేళ. ప్రతి స్వామికీ వీపుమీద, సంచి మీద రేడియం స్టిక్కర్లు ఉండాలి. ముందు ఒక టార్చి, ఆఖరున ఎర్రగా వెలిగి ఆరే లైటు. సామాను బండి వెనక హజార్డ్ లైట్లు వేసుకుని వంద గజాల దూరంలో రావాలి. వరస వెనకే ఆనుకుని వస్తే, దాన్ని గుద్దిన లారీ దాన్ని వరస మీదికే తోసేస్తుంది. ఊరు దగ్గర సర్వీసు రోడ్డు ఉంటే మెయిన్ రోడ్డు ఎక్కకూడదు, ఫ్లైఓవర్ వస్తే కిందనుంచే నడవాలి. ఫ్లైఓవర్ మీద లారీకి దారిచ్చి తప్పుకోవడానికి చోటుండదు. మంచు పట్టి వంద అడుగుల అవతల కనబడకపోతే ఏదైనా పెట్రోలు బంకులో తెల్లారేదాకా ఆగిపోవడమే. హైవే మీద ఏదైనా జరిగితే 1033, అంబులెన్సుకి 108. ఈ రెండూ ప్రతి స్వామి మెడలోని గుర్తింపు కార్డు వెనక, బ్లడ్ గ్రూపు పక్కన రాసి ఉంటాయి. దారిలో ఉన్న ప్రతి పోలీసు స్టేషనుకీ పేర్ల జాబితా, మజిలీల వివరం ముందే ఇస్తాం. రాత్రిపూట పెట్రోలింగ్ జీపు మనకోసం ఒకసారి చూసి వెళ్తుంది.

ఎండెక్కాక నడవాల్సి వస్తే రోడ్డు అంచున తెల్లగీత మీద నడవండి. నల్లతారు కన్నా అది చల్లగా ఉంటుంది, నున్నగానూ ఉంటుంది. వాన పడినప్పుడు మాత్రం ఆ గీత జారుతుంది, దిగిపోవాలి. గీత దాటి మట్టిలోకి దిగితే పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, సీసాపెంకులు. ముళ్ళకన్నా చెడ్డది పేలిన లారీ టైరు పీలికలు. వాటిలోంచి వెంట్రుకంత సన్నటి ఇనపతీగలు ఊడి తారు మీద పడి ఉంటాయి. కాల్లో దిగితే నెత్తురు కూడా రాదు, కంటికీ కనబడదు, అడుగేస్తే మాత్రం కలుక్కుమంటుంది. మంచి చిమటా, భూతద్దం, సెల్‌ఫోన్ లైటు ఉంటే పది నిమిషాల్లో తీసేయవచ్చు. వదిలేస్తే రెండు రోజుల్లో చీము పడుతుంది. టైరు పీలిక కనబడితే ముందు నడిచే స్వామి కర్రతో దాన్ని పక్కకి నెట్టి వెనక్కి కేకేస్తాడు.

రెండోరోజు చిలకపాలెం నుంచి బుడుమూరు, సుభద్రాపురం మీదుగా రణస్థలం. దూరం నిన్నటంతే, కానీ పిక్కలు పట్టేసి ఉంటాయి. చన్నీళ్ళ స్నానం తరవాత మొదటి కిలోమీటరు ఊరేగింపు నడకలా సాగాలి. వేడెక్కాకే మామూలు వేగం. దారి గురించి చెప్పడానికి ఇంతకుమించి లేదు. రెండోరోజు అసలు పని మజిలీ చేరాక ఉంటుంది. బొబ్బలు బయటపడేది అప్పుడే.

మేము మజిలీ చేరగానే కాళ్ళు కడిగి ఆరబెట్టి, వరసగా కూర్చోబెట్టి అందరి పాదాలూ చూస్తాం. స్వామి చెప్పేదాకా ఆగితే చెప్పడు, చెబితే ఆపేస్తారని భయం. వేళ్ళ మొదట్లో ఉండే గుండ్రటి మెత్త మీద, బొటనవేలి పక్కన, మడమ అంచున ముందు ఎర్రగా కందుతుంది, తాకితే వేడిగా ఉంటుంది. ఈ దశలోనే మైక్రోపోర్ టేపు ముడతలు లేకుండా అంటిస్తే సగం బొబ్బలు రానే రావు. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చదరంగా వదిలితే మూల లేచి, దుమ్ము పట్టి, చుట్టుకుపోయి అదే ఇంకో బొబ్బ లేపుతుంది.

చిన్న బొబ్బని ముట్టుకోవద్దు. నీళ్ళు నిండి, అడుగేస్తే పగిలేంత పెద్దదైతే దానంతటది రోడ్డు మీద పగలడంకన్నా మనం శుభ్రంగా తీయడం మేలు. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, బొబ్బమీద బెటడిన్ పూయాలి. ప్యాకెట్లోంచి అప్పుడే తీసిన కొత్త ఇంజెక్షన్ సూదితో బొబ్బ అంచున, నేలకి ఆనని వైపు, రెండుచోట్ల గుచ్చి నీళ్ళు నొక్కేయాలి. పైపొర చర్మాన్ని కత్తిరించకూడదు, కింద కొత్తచర్మం వచ్చేదాకా అదే కట్టు. మళ్ళీ బెటడిన్, పైన గాజుగుడ్డ, టేపు. ఒక సూది ఒక్కరికే. బొబ్బలోకి దారం ఎక్కించి వదిలే పద్ధతి మన పెద్దవాళ్ళలో ఉంది. ఆ దారం వెంటే మట్టి లోపలికి పోతుంది, వద్దు. నెత్తురు బొబ్బని అసలు గుచ్చకూడదు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కనబడినా, జ్వరం తగిలినా ఆ స్వామిని బండిలో ఆస్పత్రికి పంపాల్సిందే. పాతికమంది బృందానికి మొదటి అయిదు రోజులకే టేపు చుట్టలు పన్నెండు, పెద్ద బెటడిన్ సీసాలు రెండు, గాజుగుడ్డ కట్టలు పది ఖర్చవుతాయి. ఆ తరవాత అందులో పావువంతు కూడా పట్టదు.

మూడోరోజు అన్నింటికన్నా కష్టం. రణస్థలం దాటగానే పైడిభీమవరం, మందుల ఫ్యాక్టరీలు, షిఫ్టు బస్సులు, ట్యాంకర్లు. ఆరింటికి షిఫ్టు మారే రద్దీ మొదలవకముందే అక్కణ్ణుంచి బయటపడాలి కాబట్టి ఆరోజు బయల్దేరడం రెండున్నరకే. అది దాటితే విజయనగరం జిల్లా, కందివలస గెడ్డ, పూసపాటిరేగ. మజిలీ పూసపాటిరేగలో.

కష్టం రోడ్డు వల్ల కాదు. బొబ్బ ఉన్న కాలిని కాపాడుకోవడానికి మనిషి పాదం వంకరగా వేస్తాడు, రెండుగంటల్లో మోకాలు, మర్నాటికి తుంటి నొప్పి. దానికితోడు వాననీరు జారిపోవడానికి రోడ్డు అంచు వైపు వాలుగా ఉంటుంది. రోజంతా ఒకే అంచున నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. సర్వీసు రోడ్డు మీద ఖాళీ దొరికినప్పుడల్లా నడిమికి జరగాలి. మోకాలి బయటివైపు నొప్పి మొదలైందంటే సాధారణంగా ఈ వాలే కారణం. నొప్పిమాత్ర వేసుకుని నడిస్తే నొప్పి తెలియకుండా ఇంకా పాడుచేసుకుంటారు. మాత్ర కావాలంటే పడుకోబోయే ముందు, ఏదైనా తిన్నాకే.

తిండి విషయంలో దీక్ష నియమానికీ నడకకీ మధ్య కొంచెం పేచీ ఉంది. ఒంటిపూట భిక్ష అనే నియమాన్ని మాటకి మాటగా పట్టుకుంటే తెల్లవారుజామున ఖాళీ కడుపుతో అయిదుగంటలు నడవాలి. అందుకే మా బృందంలో ద్రవపదార్థాలకి అభ్యంతరం లేదు. మూడింటికి అంబలి, ఆరింటికి బెల్లం వేసిన రాగిజావో పాలో, మజిలీలో ఉప్పేసిన మజ్జిగ. పన్నెండింటికి భిక్ష, రాత్రి అల్పాహారం. ఇంటిదగ్గర భిక్షకి పెట్టుకునే లెక్క ఇక్కడ చాలదు, మనిషికి 200 గ్రాముల బియ్యం చొప్పున పాతికమందికి 5 కిలోలు, కందిపప్పు కిలోంబావు, కూరగాయలు 5 కిలోలు, పెరుగు 4 లీటర్లు. రాత్రి ఉప్మాకి రవ్వ రెండున్నర కిలోలు, దానికి మూడింతల నీళ్ళు. చోడి అంబలికి పిండి కిలో, ముందురాత్రే నానబెట్టి ఉంచితే పులిసి తేలిగ్గా అరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉండవు కాబట్టి ఇంగువ మర్చిపోకూడదు.

నీళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి గ్లాసుడు తాగాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపి తాగే అలవాటు మంచిది కాదు, ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే నీళ్ళు చాలడం లేదు.

కడుపు చెడేది మూడు, నాలుగు రోజుల్లోనే. అందుకు మన వంటకన్నా దారిలో భక్తులు పెట్టే ప్రసాదాలే ఎక్కువ కారణం. పొద్దున్న కలిపిన పులిహోర, ఎండలో ఉంచిన చక్కెరపొంగలి, ఐసు వేసిన పానకం. కాదంటే వాళ్ళు నొచ్చుకుంటారు. చేతిలో పట్టినంత మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుని, పండ్లు ఇస్తే సంచిలో వేసుకోవడం మా పద్ధతి. వంట, తాగేనీళ్ళు 20 లీటర్ల క్యాన్లవే, స్నానానికి ఎక్కడి నీళ్ళయినా సరే. అన్నం వడ్డించే స్వామి సబ్బుతో చేతులు కడుక్కున్నాడా లేదా అన్నది చూడ్డానికి ఒక మనిషిని పెట్టడం అతిగా అనిపించవచ్చు. పాతికమందికి ఒకేరాత్రి విరేచనాలు పట్టుకుంటే అతి అనిపించదు.

మజిలీలకి ముందుగా వెళ్ళి చూసి రావడానికి బండి మీద ఇద్దరు ఒకరోజు ముందు నడుస్తారు. వాళ్ళు చూడాల్సినవి బోరు పనిచేస్తోందా, మరుగుదొడ్లు ఎన్ని, లైటు ఉందా, బండి గేటులోంచి పడుతుందా. గుడి మంటపమైనా, కల్యాణ మండపమైనా, బడి వరండా అయినా అడిగి, ఒప్పుకున్న మనిషి ఫోను నంబరు తీసుకోవాలి. సిమెంటు నేల నవంబరులో ఎముకల్లోకి చలి ఎక్కిస్తుంది, కింద టార్పాలిన్, దానిమీద జంఖానా, ఆపైన ఎవరి దుప్పటి వాళ్ళది. పీఠం పూజ ఏడింటికి మొదలై ఎనిమిదిలోపు ముగియాలి. భజన బాగా కుదిరిందని పదిదాకా సాగితే మర్నాడు వరసలో తూలుతూ నడుస్తారు.

నాలుగోరోజు దూరం పాతికకి దగ్గరపడుతుంది. పూసపాటిరేగ నుంచి నాతవలస టోల్‌గేటు, చంపావతి, భోగాపురం మీదుగా తగరపువలస. టోల్‌గేటు దగ్గర పక్కదారి పట్టండి, గేట్ల మధ్యనుంచి నడవద్దు. విమానాశ్రయం ఉన్న వైపు కాబట్టి భోగాపురం దగ్గర బళ్ళ తాకిడి ఎక్కువ. ఎండెక్కేసరికి 16, 17 కిలోమీటర్ల దాకా అయిపోతే మిగిలింది సాయంత్రం నాలుగు తరవాత. మధ్యాహ్నం పూట పడుకునేటప్పుడు కాళ్ళకింద సంచి పెట్టి ఎత్తులో ఉంచితే వాపు దిగుతుంది. ఆరోజు సాయంత్రానికి ఎక్కువమందికి పిక్కల నొప్పి తగ్గి, నడక దానంతటదే సాగినట్టు ఉంటుంది. అలా ఉండనివారి మీద కన్నేసి ఉంచాలి.

అయిదోరోజు గోస్తని దాటి ఆనందపురం. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్ళే కొత్త బైపాస్ దగ్గరదారి, నీడ మాత్రం లేదు. విశాఖ ఊళ్ళోంచి వెళితే దూరం, సిగ్నళ్ళు, అయినా ఆస్పత్రులూ మందులషాపులూ అందుబాటులో ఉంటాయి. మేము రెండూ కాకుండా సింహాచలం వైపు తిరిగి కొండకింద ఆగుతాం. మర్నాడు మధ్యాహ్నం దాకా నడక లేదు. అప్పన్న దర్శనం కూడా కాళ్ళు బాగున్నవాళ్ళే మెట్లెక్కాలి, మిగతావాళ్ళకి కొండమీదికి బస్సులున్నాయి.

ఆ పూట డాక్టరుని పిలిపించి అందరి పాదాలూ మోకాళ్ళూ చూపిస్తాం. గోరు కింద నెత్తురు కట్టినా, మానుతున్న బొబ్బలున్నా ముందుకి రావచ్చు. అరికాల్లో పుండు పడినవాళ్ళు, మోకాలు వాచి మెట్టు దిగలేనివాళ్ళు, జ్వరం ఉన్నవాళ్ళు రెండురోజులు బండిలో రావాలి. అప్పటికీ తగ్గకపోతే తుని స్టేషన్లో రైలెక్కించి ఇంటికి పంపుతాం. మాల తీయనక్కర్లేదు, బృందం ఎరుమేలి చేరే రోజుకి రైల్లో వచ్చి కలుసుకోవచ్చు. ఈ మాట బయల్దేరేముందే, ఇంటివాళ్ళ ఎదుటే అందరికీ చెప్పి ఒప్పించుకుంటాం. సామాను బండిలో వంటపాత్రలు పోను ఇద్దరు పడుకునేంత చోటు మొదటినుంచీ ఖాళీగా ఉంచేది అందుకే.